బ్యారను కట్టెలకు వాడేసిన చైన్ సా కొనొచ్చా? కొన్నాక ఎట్టా చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లెలో ఒక పొగాకు బ్యారను (కట్టెల మంటతో ఆకును కాల్చి ఆరబెట్టే గది) ఉంది. బ్యారనుకీ ఇంటి పొయ్యికీ కట్టెలు సొంతంగా కోసుకుందామని ఆలోచన. ఎక్కువగా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), కొంత సుబాబుల్. తెలిసినాయన దగ్గర 58 సిసి చైనా చైన్ సా (పెట్రోల్ రంపం మిషన్) ఉంది, రెండు సీజన్లు వాడాడట, 5,500 చెబుతున్నాడు. తీసుకోవచ్చా, తీసుకుంటే మెయింటెనెన్స్ ఏంటి?

తీసుకోవచ్చు. కానీ సైలెన్సర్ విప్పి పిస్టన్ చూడకుండా వద్దు, ఆ ధరకూ వద్దు. ఇదే రకం కొత్త మిషన్ 7, 8 వేల దగ్గర దొరుకుతోంది. రెండు సీజన్లు బ్యారనుకు కోసిన మిషన్‌కు అందులో సగం పెడితే ఎక్కువ. పిస్టన్ మీద నిలువు గీతలు కనపడితే మాత్రం ధర ఎంతైనా వదిలేయండి.

నేను టంగుటూరు వైపు స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చైన్ సాలు బాగుచేస్తుంటాను. ఆకు కాల్పులు మొదలయ్యే ముందు షెడ్డుకు వచ్చేవాటిలో చాలావరకు ఇట్టాంటి పాత బేరాలే. ఎవరో స్టార్ట్ చేసి చూపించారు, శబ్దం బాగుంది, తెచ్చుకున్నారు. స్టార్ట్ కావడం గొప్పేం కాదు. సగం చచ్చిన టూ స్ట్రోక్ ఇంజను కూడా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది.

ఈ మిషన్లో చైను, బార్ (చైను తిరిగే పొడుగు పట్టీ), ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, స్టార్టర్ తాడు, పెట్రోల్ పైపు ఇవన్నీ అరిగేవే, మార్చుకునేవే. అవి పాడైపోయి ఉంటే బేరం చేయడానికి మీకే మంచిది. చూడాల్సింది సిలిండరు, పిస్టన్, క్రాంక్. "పిస్టన్ కిట్ చవకే కదన్నా, మార్చేస్తే పోలా" అంటారు కొందరు. చైనా మిషన్లకు కిట్ చవకే, నిజమే. కానీ పిస్టన్ ఊరికే గీతలు పడదు. ఆయిల్ కలపని పెట్రోల్ పోసుండాలి, లేదంటే ఎక్కడో గాలి లీకై మిశ్రమంలో పెట్రోల్ పల్చబడి ఉండాలి. ఆ లీకు అట్టాగే ఉంటే కొత్త పిస్టనూ అదే దారి పడుతుంది. పైగా ఊడిన అల్యూమినియం పొడి కింద బేరింగుల్లోకి చేరి ఉంటుంది.

చూడ్డానికి పోయినప్పుడు మొదటి పని సైలెన్సర్ మీద చెయ్యి పెట్టడం. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. గొడవ పడక్కర్లేదు, కాసేపు టీ తాగి చల్లారనివ్వండి. చల్లటి ఇంజను చోక్ వేసి నాలుగైదు లాగుళ్లలో అందుకోవాలి.

స్టార్ట్ చేయకముందే కంప్రెషన్ చూడండి. స్విచ్ ఆఫ్‌లో పెట్టి, స్టార్టర్ హ్యాండిల్ పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీయండి. బాగున్న ఇంజను తాడుకు వేలాడుతూ ఆగి ఆగి, కుదుపు కుదుపుగా దిగుతుంది. జర్రున జారిందంటే పిస్టన్ రింగులు గానీ సిలిండరు లోపలి గోడ గానీ అరిగాయి. దగ్గర్లో మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంటే ఇంకా మంచిది: 150 పీఎస్ఐ దగ్గర వస్తే దివ్యంగా ఉన్నట్టు, 120 వస్తే కట్టెలకు చాలు, 100 లోపు వస్తే లేచి వచ్చేయండి.

తర్వాత సైలెన్సర్. రెండు మూడు బోల్టులు, ఎలన్ కీ ఒకటి జేబులో వేసుకుని పోండి. విప్పితే సిలిండరు కన్నంలోంచి పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ పైకీ కిందకీ ఆడించి టార్చి వేసి చూడండి. గోధుమ రంగు మరక, కొంచెం మసి ఉన్నా ఫరవాలేదు. నిలువుగా గీసినట్టు చారలు, మెటల్ పూసుకుపోయినట్టు మచ్చలు ఉంటే అది ఒకసారి పట్టేసిన ఇంజను, అంటే పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయింది. సైలెన్సర్ వైపే వేడి ఎక్కువ కాబట్టి దెబ్బ ముందు అక్కడే తెలుస్తుంది. అమ్మేవాడు విప్పనివ్వకపోతే అదే జవాబు అనుకోండి. కొండపి నుంచి ఒక రైతు తళతళలాడే మిషన్ తెచ్చాడు, పైన కొత్త స్ప్రే పెయింటు, కొత్త స్టిక్కరు. సైలెన్సర్ తీస్తే పిస్టన్ సగం మేర గీరుకుపోయి ఉంది. పెయింటు ఖర్చు కూడా ఆయన దగ్గరే రాబట్టారు.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. ఐడిల్లో, అంటే రేజ్ ఇవ్వనప్పుడు, చైను తిరక్కూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ ఎక్కువ బిగించి ఉండొచ్చు, క్లచ్ స్ప్రింగు సాగి ఉండొచ్చు. రేజ్ ఇచ్చి వదిలితే వెంటనే దిగాలి. కాసేపు పైనే అరుస్తూ ఉండి నిదానంగా దిగితే ఎక్కడో గాలి లాగుతోంది, క్రాంక్ సీళ్లు గానీ కార్బొరేటర్ వెనక రబ్బరు గానీ పోయి ఉంటాయి. ఫుల్ రేజులో చైన్ బ్రేకును ముందుకు నెడితే చైను ఠక్కున ఆగాలి. ఆగకపోతే అది బాగయ్యేదాకా మొద్దు మీద పెట్టొద్దు. బార్ కొనను ఎండిన చెక్కకో అట్టముక్కకో జానెడు దూరంలో పెట్టి రేజ్ ఇస్తే దాని మీద ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఆయిల్ పంపు గానీ దాని దారి గానీ మూసుకుపోయింది.

చివరగా ఒక మొద్దు మీద పది నిమిషాలు కోసి, ఆపి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ లాగండి. వేడి మీద మళ్లీ స్టార్ట్ కావాలి. అరిగిన ఇంజను బండారం బయటపడేది ఇక్కడే. చల్లగా ఉన్నప్పుడు ఒక లాగుకే అందుకుని, వేడెక్కాక చెయ్యి పడిపోయేదాకా లాగినా ఉలకదు.

58 సిసి అనే మాట గురించి. స్టిక్కరు మీద 58 అని ఉన్నంత మాత్రాన లోపల అంత ఇంజను ఉందని కాదు. 45, 52 సిసి ఇంజన్ల మీద కూడా ఆ స్టిక్కరు కనిపిస్తుంది. మీ పనికి 45 నుంచి 52 సిసి ఉన్నా సరిపోతుంది, అయితే బార్ 18 అంగుళాలు మించకుండా చూసుకోండి. 22 అంగుళాల బార్ చూడ్డానికి బాగుంటుంది. బ్యారను పొయ్యిలోకి పోయే కట్టెకు అంత పొడుగు ఎందుకు? ఇంజను మీద బరువు, ముక్కు నేలకు తగిలే ప్రమాదం తప్ప లాభం లేదు. ఇంటి పొయ్యికి మాత్రమే అయితే 30 సిసి చిన్న మిషన్ చాలు. స్టిల్ ఎంఎస్ 180 లాంటిది 31.8 సిసి, తేలిగ్గా ఉంటుంది. కానీ ఎండిన చిల్ల మొద్దులు రోజంతా కోయించడం దాని పని కాదు. బ్యారనుకు బ్రాండు మిషనే కావాలంటే ఎంఎస్ 250 తరగతి, 45.4 సిసి. పాతదైనా పిస్టన్ బాగుంటే నేను చైనా కొత్తదాని కంటే దానివైపే మొగ్గుతాను. అయితే ఒరిజినల్ స్పేర్లకు ఖర్చవుతుంది. చైనావాటి సౌకర్యం ఏందంటే 45, 52, 58 రకాలకు కార్బొరేటరు, క్లచ్, స్టార్టరు చాలావరకు ఒకదానివి ఒకదానికి పడతాయి, ఒంగోలులో నెల్లూరులో ఏ స్పేర్ల షాపులోనైనా దొరుకుతాయి.

బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కనీసం ఎక్కడ కొన్నాడో రాయించుకోండి. తోటల్లో మోటార్లు, మిషన్లు పోతున్న రోజులు, రేపు ఎవరో వచ్చి ఇది నాదంటే ఇబ్బంది.

ఇక మెయింటెనెన్స్. ముందు పెట్రోల్ సంగతి, ఎందుకంటే ఎక్కువ ఇంజన్లు పోయేది దాంతోనే.

మిషన్ పుస్తకంలో ఏ నిష్పత్తి ఉంటే అదే. పుస్తకం లేని చైనా మిషన్‌కు నేను 25:1 చెబుతాను, అంటే లీటరుకు 40 మి.లీ. 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్లో కలిపేది). మంచి బ్రాండు ఆయిల్, బ్రాండు మిషన్ అయితే 50:1, లీటరుకు 20 మి.లీ. మూతతో, కంటి అంచనాతో పోయొద్దు. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి తెచ్చుకుంటే లెక్క తప్పదు. మోటార్‌సైకిల్ ఇంజనాయిల్ కలపొద్దు, అది కాలిపోవడానికి చేసింది కాదు. క్యాన్‌లో ముందే కలిపి బాగా ఊపి, తర్వాతే ట్యాంకులో పోయండి. ఇంట్లో బైకు క్యానూ దీని క్యానూ ఒకే రంగులో పెట్టొద్దు. కుర్రాళ్లు తొందరలో ఉత్త పెట్రోల్ పోసేస్తారు, పావుగంటలో పిస్టన్ పట్టేస్తుంది. గ్యారంటీ ఉన్న మిషన్ అయినా దీనికి గ్యారంటీ వర్తించదు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. మన సముద్రం గాలికి ఇంకా త్వరగా. కలిపిన పెట్రోల్ నెల దాటితే వాడొద్దు. వారం పది రోజులు మిషన్ ముట్టుకోమని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి. లేకపోతే కార్బొరేటరులో పల్చటి రబ్బరు పొర బిరుసెక్కిపోతుంది, పెట్రోల్ పైపు మెత్తబడి పగులుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు దారులకు అడ్డంగా చెట్లు పడ్డాయి, అందరూ మిషన్లు బయటికి తీశారు. నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగానికి ఇంజను దోషమే లేదు, వేసవి నుంచి ట్యాంకులో నిలవున్న పెట్రోలే దోషం.

కార్బొరేటరు స్క్రూలు ఊరికే తిప్పొద్దు. హెచ్ అని ఉన్నది ఫుల్ రేజుకు, ఎల్ అని ఉన్నది తక్కువ రేజుకు. బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. "హెచ్ బిగిస్తే స్పీడు పెరిగిందన్నా" అని సంతోషపడతారు. ఆ స్పీడు పిస్టన్‌ను కాల్చేసే స్పీడు. ఖాళీగా ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు శబ్దం కొంచెం బొంగురుగా ఉండి, మొద్దులో దిగగానే సాఫీ కావాలి. ఖాళీగానే సన్నగా కీచుమంటుంటే హెచ్ కొద్దిగా వదలండి.

ఎయిర్ ఫిల్టరు రోజూ తీసి దులపండి, మురికెక్కితే సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరాక పెట్టండి. తడిది పెట్టొద్దు. స్టార్టరు కవరు కిందా, సిలిండరు రెక్కల మధ్యా ఇరుక్కున్న పొట్టు వారానికోసారి బ్రష్షుతో తీసేయండి. అక్కడ పొట్టు ఉంటే ఇంజనుకు గాలి ఆడదు, మన ఎండల్లో అది చాలు పట్టేయడానికి. ప్లగ్గు గ్యాపు 0.5 మి.మీ. అంతే.

అసలు మెయింటెనెన్స్ అంతా చైను పదునులో ఉంది. ఇది ఎవరూ నమ్మరు. ఇంజను పవరు తగ్గిందని మిషన్ తెస్తారు, నేను చైను పదును పెట్టి ఇస్తాను, "ఏం మార్చావన్నా" అంటారు. మొద్దుబారిన చైనుతో కోసేవాడు మిషన్‌ను కిందకి అదుముతాడు. అదిమితే క్లచ్ జారి వేడెక్కుతుంది, బార్ నీలం రంగుకు తిరుగుతుంది, ఇంజను ఆయాసపడుతుంది. పదునున్న చైను తన బరువుతోనే దిగాలి. కిందపడే పొట్టు చూడండి: అటుకుల్లా పడుతుంటే పదునున్నట్టు, పిండిలా రాలుతుంటే ఆపేయండి. ఒక పక్కకే వంకరగా కోస్తుంటే ఒకవైపు పళ్లు పొట్టివయ్యాయని అర్థం, లేదా బార్ అంచు ఒకవైపు అరిగింది.

గుండ్రటి ఆకురాయి సైజు చైను పిచ్‌ను (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) బట్టి ఉంటుంది. మీరు చెప్పిన రకానికి సాధారణంగా 0.325 పిచ్, దానికి 4.8 మి.మీ. ఆకురాయి. చిన్న మిషన్ల సన్న చైనుకు 4 మి.మీ. కొత్త చైను కొనేటప్పుడు పిచ్, గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), లింకుల సంఖ్య మూడూ కలవాలి. 0.325 పిచ్, 0.058 గేజ్, 20 అంగుళాల బార్ అయితే 76 లింకులు. పాత చైను పట్టుకుపోయి చూపించడం సులువు.

పట్టే పద్ధతి. బార్‌ను ఒక మొద్దులో గాటు పెట్టి బిగించండి, చైన్ బ్రేకు వేయండి. అన్నిటికంటే పొట్టి పన్ను వెతికి దాంతో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని పొడవుకే రావాలి. పన్ను మీద 30 డిగ్రీల గీత వేసి ఉంటుంది, ఆ వాలులోనే లోపలి నుంచి బయటకు తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి తాకకూడదు. మూడు నాలుగు తోపులు చాలు. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపుకు తిరగండి. ప్రతి పంటికీ ఒకే లెక్క తోపులు. రాయికో మేకుకో తగిలి మొన విరిగితే ఆ తెల్లటి మెరుపు పోయేదాకా రుద్దాలి, సగంలో వదిలితే పదును నిలవదు. ఒకటి రెండు ట్యాంకులకోసారి ఈ పని చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నెలంతా మొద్దుబార్చి తెస్తే చైను సగం అరగదీయాలి.

పంటి ముందు ఒక చిన్న బొడిపె ఉంటుంది, ఒక్కోసారి ఎంత చెక్క తీయాలో నిర్ణయించేది అదే. నాలుగైదుసార్లు పదును పెట్టాక దాన్ని చదును ఆకురాయితో కొద్దిగా తగ్గించాలి, పంటి కొన కంటే 0.65 మి.మీ. కిందకి ఉంటే సరి. గేజి ముక్క చవక, కొనుక్కోండి. ఎక్కువ కోయాలని దీన్ని బాగా తగ్గిస్తే చైను చెక్కలో పట్టుకుని మిషన్ మీ మీదకు ఎగురుతుంది.

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడు చూడండి. బార్ కొన పైకెత్తి పట్టుకునే నట్లు బిగించాలి. కింద వైపు చైను బార్‌కు ఆనుకుని ఉండాలి, గ్లౌజు చేత్తో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది, మధ్యలో ఆపి బిగించండి. వేడి మీద బిగించింటే పని అయ్యాక వదులు చేయండి, చల్లారి ముడుచుకుంటే ఆ లాగుడంతా క్రాంక్ బేరింగు మీద పడుతుంది. చైను పదును పెట్టినప్పుడల్లా బార్‌ను తిరగేయండి, గాడిలో పొట్టు గీకండి, ఆయిల్ వచ్చే కన్నం పుల్లతో శుభ్రం చేయండి.

బార్ ఆయిల్ దగ్గర మనవాళ్లు చూపే పొదుపు నాకు ఎప్పటికీ అర్థం కాదు. ట్రాక్టరు నుంచి దించిన నల్ల ఆయిల్ పోస్తారు. అందులో మెటల్ పొడి ఉంటుంది, ఆయిల్ పంపును తినేస్తుంది, పైగా తుంపర్లన్నీ చేతుల మీద, మొహం మీద పడతాయి. చర్మానికి అది మంచిది కాదు. చైను ఆయిల్ దొరక్కపోతే కొత్త 20డబ్ల్యూ40 ఇంజనాయిల్ పోయండి. పెట్రోల్ పోసినప్పుడల్లా ఇదీ నింపండి. పెట్రోల్ అయిపోయినా ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉందంటే చైను ఎండిపోయి తిరుగుతున్నట్టు.

మీ కట్టెల గురించి. చిల్లచెట్టు పచ్చిగా ఉన్నప్పుడే కోసేయండి, ఎండితే ఇనుమే. దాని కొమ్మలు ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుసుకుని ఉంటాయి, కోయగానే విల్లులా లేస్తాయి. ముందు కంప కొడవలితో నరికి నిలబడ్డానికి చోటు చేసుకుని, తర్వాత మిషన్ ఎత్తండి. సుబాబుల్ సుఖం. సముద్రం వైపు సరుగుడు కొంటే బెరడులో ఇసుక ఉంటుంది, మొదలు దగ్గర ఇంకా ఎక్కువ. కావలి వైపు నుంచి వచ్చే మిషన్ల చైన్లు గుర్తుపట్టొచ్చు, పళ్ల కొనలన్నీ గుండ్రంగా ఉంటాయి. మొదలు భాగం గొడ్డలితో బెరడు తీసి కోయండి. తాటి మొద్దు పీచు చైనులో చుట్టుకుంటుంది, తప్పదంటే తప్ప పెట్టొద్దు. గట్టు మీద చెట్టయితే పాత ముళ్లకంచె తీగ లోపల పూడిపోయి ఉందేమో చూసుకోండి. మొద్దు కింద ఇంకో కట్టె వేసి ఎత్తి కోయండి, చైను ఒక్కసారి మట్టిలో దిగితే ఆ పూట పదును పోయినట్టే.

లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని ఈ మిషన్ పట్టొద్దు. ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు. చిల్లముల్లు హవాయి చెప్పులోంచి దిగుతుంది, ఆ ఉలికిపాటులో మిషన్ ఎటు పోతుందో తెలియదు. బార్ ముక్కు పై సగంతో దేన్నీ తాకించొద్దు, తాకితే మిషన్ మొహం మీదకు లేస్తుంది. భుజాల పైకి ఎత్తి కోయొద్దు, నిచ్చెన మీద అసలే వద్దు. వేడి ఇంజనులో పెట్రోల్ పోయొద్దు, పోసిన చోటు నుంచి పది అడుగులు జరిగి స్టార్ట్ చేయండి. బ్యారను దగ్గర ఎండుగడ్డి ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్త. ఇంకోటి, రోడ్డు పక్క, చెరువు కట్ట మీద చెట్ల జోలికి పోవద్దు. సొంత పొలంలోవైనా పెద్ద చెట్లు పడగొట్టేముందు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి సంగతి కనుక్కోండి.

ఆకు కాల్పులు అయిపోయాక మిషన్ మళ్లీ చలికాలం దాకా మూలన పడుంటుంది కదా. పెట్రోల్ ఖాళీ చేయండి, ప్లగ్గు విప్పి సిలిండర్లో అర చెంచా 2టి ఆయిల్ వేసి తాడు రెండుసార్లు మెల్లగా లాగి మళ్లీ బిగించండి. చైను ఆయిల్లో ముంచి పెట్టండి. యూరియా బస్తాల పక్కన పెట్టొద్దు, తుప్పు పడుతుంది.

వీలైతే సైలెన్సర్ విప్పి పిస్టన్ ఫొటో ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. టార్చి పక్క నుంచి పడేట్టు తీయండి, ఎదురుగా ఫోన్ ఫ్లాష్ వేస్తే గీతలున్నా కనపడవు.